కన్సల్టింగ్ కంపెనీలో మన పిల్లలు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఏటేటా ఈ వేదిక మీద మాతృభాషను గూర్చి ఎవరో ఒకరు మాట్లాడడం ఆనవాయితీ. కార్యదర్శిగారు మమ్మల్నీ అదే మాట్లాడమన్నారు. ఈసారికి వేరొక విషయం ఎత్తుకొంటామని అనుమతి తీసికొన్నాము. మా తెలుగు సాయంకాలపు తరగతి తెలుగు. పగలంతా చాట్స్‌వర్త్ బడిలో లెక్కలు చెప్పి, రాత్రి ఏడు గంటలకు నోటుబుక్కు పట్టుకొని బెంచీ మీద కూర్చొని నేర్చుకొన్నది. అందులో కొంచెం పుస్తకం వాసన ఉంటుంది. ఇంట్లో మాట్లాడే తెలుగు మా అవ్వతోనే పోయింది. కాబట్టి ఈనాటి సంగతులు చెప్పేటప్పుడు ఇంగ్లీషు మాటలు దొర్లుతాయి. వాటికి కష్టపడి తెలుగు మాటలు కల్పించడం కంటె వాటి అర్థం విప్పి చెప్పడం మేలని మా అభిప్రాయం.

విషయం ఇది. మన పిల్లలు చాలామంది కన్సల్టింగ్ కంపెనీలలో చేరుతున్నారు. మెట్రిక్‌లో లెక్కలలో మంచి మార్కులు వచ్చినవారు, బి.కామ్. చేసినవారు, ఇంజనీరింగు చదివినవారు అందరూ జోహన్నెస్‌బర్గ్ దారి పట్టి స్యాండ్టన్‌లో తేలుతున్నారు. ఆ ఉద్యోగం ఎట్లా ఉంటుంది? అక్కడ వారు పడే పాట్లేమిటి? ఎప్పుడైనా "ఈ పని నేను చేయను" అనవలసి వస్తే వారికి అండ ఎవరు?

మన ఇళ్ళలో ఉద్యోగం వచ్చిందనగానే రెండు ప్రశ్నలు వేస్తాము. కంపెనీ పేరేమిటి? జీతమెంత? మేనమామ ఉంటే మూడవ ప్రశ్న, కారు ఎప్పుడు కొంటావు? అంతటితో సరి. ఆ బిడ్డ పొద్దుటి నుండి రాత్రి దాకా ఏమి చేస్తున్నదో ఎవరమూ అడగము. మా తాతగారి కాలంలో ఇట్లా లేదు. ఆయన మొదట ఉత్తర తీరంలో చెరకు నరికారు. తరువాత డర్బన్ కార్పొరేషన్‌లో చేరి మ్యాగజీన్ బ్యారక్స్‌లో కాపురమున్నారు. ఆయన చేసే పని వీధిలో అందరికీ కనబడేది. చీపురు కనబడేది, బండి కనబడేది, చేతుల మీది కాయలు కనబడేవి. ఇప్పటి పిల్లల చేతికి కాయలు కాయవు. అందువల్ల కష్టమే లేదనుకొంటున్నాము.

మా సాయంకాలపు తరగతిలో ఒకసారి "మీ ఉద్యోగం గురించి ఐదు వాక్యాలు వ్రాయండి" అని ఇచ్చాము. నర్సు వ్రాసింది, బ్యాంకులో పని చేసే అబ్బాయి వ్రాశాడు. కన్సల్టింగ్ కంపెనీ అమ్మాయి మూడు వాక్యాలు వ్రాసి పెన్సిలు పెట్టేసింది. "సోమవారం విమానం ఎక్కుతాను. గురువారం విమానం దిగుతాను. నడుమ స్లైడ్లు చేస్తాను." మిగతా రెండు వాక్యాలేవమ్మా అంటే, "టీచర్‌గారూ, మా అమ్మకు ఇంగ్లీషులోనే చెప్పలేకపోయాను, తెలుగులో ఎట్లా వ్రాసేది?" అన్నది. తరగతి నవ్వింది. ఆ మాట మాత్రం మా మనసులో నిలిచిపోయింది. ఆనాటి నుండి మా పాత విద్యార్థులు ఎవరు కనబడినా, మా బంధువుల పిల్లలు ఎవరు దొరికినా, కూర్చోబెట్టి అడుగుతున్నాము. వారు చెప్పినదీ, పత్రికలలో, విచారణ సంఘాల నివేదికలలో చదివినదీ కలిపి మీ ముందుంచుతున్నాము.

ముందు ఈ వ్యాపారం సంగతి. ఒక సంస్థకు చిక్కు వస్తే, లేదా చిక్కు ఉన్నదని అధికారికి తోస్తే, బయటివారిని పిలిచి సలహా అడుగుతుంది. ఆ సలహా అమ్మేదే కన్సల్టింగ్ కంపెనీ. ఇది పాత వ్యాపారమే. అమెరికాలో బోస్టన్ నగరంలో 1886లో ఆర్థర్ డి. లిటిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మొదలుపెట్టిన సంస్థ వీటిలో పాతది. షికాగోలో లెక్కల ఆచార్యుడు జేమ్స్ మెకిన్సీ 1926లో తన పేరుతో కంపెనీ పెట్టాడు. బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ 1963లో, బెయిన్ 1973లో పుట్టాయి. ఆడిట్ చేసే పెద్ద కంపెనీలు కూడా ప్రక్కనే ఒక సలహా శాఖ తెరిచాయి. మన పిల్లలలో ఎక్కువమంది ఈ ఆడిట్ కంపెనీల ద్వారానే లోపలికి పోతున్నారు. మూడేళ్ళు ట్రెయినింగ్ కాంట్రాక్టు చేస్తారు, దానినే మనవాళ్ళు ఆర్టికల్స్ అంటారు. అటు తరువాత సలహా శాఖకు మారుతారు.

ఆ దుకాణంలో అమ్మే సరుకేమిటో తెలుసునా? కుర్రవాళ్ళ గంటలు. పైన పార్ట్‌నర్, ఆయన క్రింద మేనేజరు, మేనేజరు క్రింద ఇద్దరో ముగ్గురో పాతికేళ్ళ పిల్లలు. పార్ట్‌నర్ పని సంపాదించుకొని వస్తాడు. పిల్లలు చేస్తారు. ఒక్కొక్కరికి రోజుకు ఇంత అని ధర ఉంటుంది. ఖాతాదారు చెల్లించేది ఆ ధర, పిల్లలకు ముట్టేది అందులో ఒక భాగం. అందుకే ప్రతి వారం టైమ్ షీటు నింపాలి. ఏ గంట ఎవరి పద్దులో వ్రాయాలో చూపాలి. ఎవరి పద్దులోనూ వ్రాయలేని గంటలు ఎక్కువైతే "బెంచి మీద ఉన్నాడు" అంటారు. బడిలో బెంచి మీద నిలబెడితే ఎంత సిగ్గో, ఇక్కడ కూర్చోబెడితే అంత సిగ్గు.

మా తమ్ముడి కూతురు ఒకనాడు ఫోనులో, "అత్తా, ఈ వారం డెబ్బది గంటలు దాటి పని చేశాను, టైమ్ షీటులో నలభై అయిదే వేశాను" అన్నది. మేము లెక్కల టీచర్లము కదా, మాకు ఈ తీసివేత అర్థం కాలేదు. అడిగితే చెప్పింది. ఆ పనికి ఇంత సొమ్మని ముందే ఒప్పుకొన్నారట. గంటలు ఎక్కువ చూపిస్తే మేనేజరు లెక్క తప్పినట్లు కనబడుతుందట. అందువల్ల "నీవే వ్రాయవద్దు" అని ఎవరూ నోటితో చెప్పరు, అందరూ వ్రాయరు, అంతే. ఒక పెద్ద కంపెనీలో జరిగిన సంగతి ఇది. పేరు చెప్పము, ఆమె ఇంకా అదే రంగంలో ఉన్నది.

చట్టం లేదా అని మీరడగవచ్చు. ఉన్నది. 1997 నాటి మన ఉద్యోగ నిబంధనల చట్టం వారానికి నలభై అయిదు గంటల సాధారణ పని అన్నది, దాని పైన ఓవర్‌టైము పది గంటలకు మించరాదన్నది. అయితే అదే చట్టంలో ఇంకొక మాట ఉన్నది. మంత్రిగారు ప్రకటించిన హద్దుకు మించి జీతం వచ్చేవారికి ఈ గంటల నియమాలు వర్తించవు. అంటే మనం జీతమెంత అని మురిసిపోయే ఆ అంకెయే ఆ బిడ్డకు గంటల రక్షణ లేకుండా చేస్తున్నది. ఈ సంగతి మా తరగతిలో చెబితే ముగ్గురు కాగితం తీసి వ్రాసికొన్నారు. లెక్కల పాఠం ఎప్పుడూ అంత శ్రద్ధగా వ్రాసికొన్నవారు కారు.

వారి వారం ఎట్లా గడుస్తుందో వినండి. సోమవారం తెల్లవారుజామున నాలుగు గంటలకు లేవాలి. కింగ్ షాకా విమానాశ్రయంలో ఆరు గంటల విమానం. తల్లి ఐస్‌క్రీమ్ డబ్బాలో పప్పన్నం, ఊరగాయ పెట్టి ఇస్తుంది. హోటలు గదిలో దానిని వేడి చేసికొనే వీలుండదు, చల్లన్నమే తింటారు. పగలు ఖాతాదారు ఆఫీసులో మనుషులను ప్రశ్నలడగాలి. సాయంకాలం మొదలుకొని స్లైడ్లు. రాత్రి పదకొండు గంటలకు పార్ట్‌నర్ తిరగవ్రాయమని ఎర్ర గీతలు పెట్టి పంపుతాడు. రెండు గంటల దాకా గీతలు సరిచేస్తారు, అక్షరాల ఎత్తు సరిచేస్తారు, రంగులు సరిచేస్తారు. ప్రొద్దున్నే ఎనిమిది గంటలకు ముఖం కడుక్కొని, ఏమీ జరగనట్లు ఖాతాదారు ముందు కూర్చోవాలి. గురువారం రాత్రి ఇల్లు. శుక్రవారం ఆఫీసు. పురటాసి నెలలో శనివారం గోవిందుడి పూజకు ఇంటిల్లిపాది కూర్చుంటే ఆ బిడ్డ ల్యాప్‌టాప్‌తో వంటగదిలో నిలబడి ఉంటుంది. హారతి వేళకు వచ్చి కళ్ళకద్దుకొని మళ్ళీ పోతుంది. అవ్వలు కోప్పడతారు. అవ్వల తప్పు లేదు, ఆ బిడ్డ తప్పూ లేదు.

మాటతీరు సంగతి కూడా చెప్పాలి. మన డర్బన్ యాస ఉన్నదే, ఇంగ్లీషులో మనం మాట్లాడే తీరు, అది స్యాండ్టన్ మీటింగులో నవ్వు తెప్పిస్తుందట. అందుకని పిల్లలు సోమవారం ఒక యాస, శుక్రవారం ఒక యాస పెట్టుకొన్నారు. మెకిన్సీ కంపెనీని పెద్దది చేసిన మార్విన్ బోవర్ అనే వకీలు తన ఉద్యోగులందరూ టోపీ పెట్టుకొనే రావాలని నియమం పెట్టాడట. ఇప్పుడు టోపీ లేదు, యాస ఉన్నది.

ఇంత చెప్పి, ఆ ఉద్యోగంలో మంచి లేదనడం న్యాయం కాదు. మా విద్యార్థి ఒకడు రెండేళ్ళు ఆసుపత్రుల మందుల సరఫరా మీద పని చేశాడు. మందులు ఎక్కడ ఆగిపోతున్నవో వెదుకుతూ జిల్లాలన్నీ తిరిగాడు. చివరకు ఆ గుట్టు గిడ్డంగిలో ఇరవై ఏళ్ళుగా పని చేసే ఒక పెద్దావిడకు ముందే తెలుసునట. ఆమెను అంతకుముందు ఎవరూ అడగలేదు. "నేను చేసినదల్లా ఆమె మాటను పెద్దల చెవికి ఎక్కేటట్లు ఆరు స్లైడ్లలో పెట్టడమే" అన్నాడు. అది చిన్న పని కాదని మా అభిప్రాయం. ఇరవై నాలుగేళ్ళకే పెద్ద పెద్ద సంస్థల లోపల ఎట్లా ఉంటుందో చూస్తారు. లెక్క తేటగా చెప్పడం, ఒక్క పేజీలో విషయం తేల్చడం నేర్చుకొంటారు. మేము ముప్పై ఏళ్ళు చెప్పినా వాడికి శాతాలు ఇంత బాగా రాలేదు.

మరి మెకిన్సీ దశాబ్దాల క్రిందట పెట్టుకొన్న నియమం ఒకటి ఉన్నది, ఆ తరువాత అనేక కంపెనీలు అందుకొన్నాయి. పైకి పో, లేకుంటే బయటికి పో. ఏడాదికి ఒకటి రెండు సార్లు ప్రతివారినీ తూచి, ఎక్కేవారిని ఎక్కించి, మిగిలినవారిని మర్యాదగా సాగనంపుతారు. అందువల్ల ఉద్యోగం పోయిందంటే దొంగతనం చేసిందనో, చేతకానిదనో అనుకోవద్దని తల్లిదండ్రులకు మనవి. అక్కడ చేరేవారిలో ఎక్కువమంది కొద్ది ఏళ్ళలో బయటికి రావడం ఆ దుకాణం నడిచే పద్ధతి.

ఇక అసలు మాటకు వస్తాము. గంటల కష్టం ఓర్చుకోవచ్చు. నిద్ర తరువాత పోవచ్చు. చేసే పని మంచిదో కాదో తేల్చుకోవలసి వచ్చినప్పుడు ఏమిటి?

మా పాత విద్యార్థిని ఒకతెను ఆమె కంపెనీ జేకబ్స్‌లోని ఒక ఫ్యాక్టరీకి పంపింది. ఎంతమంది మనుషులతో ఆ ఫ్యాక్టరీ నడపవచ్చో లెక్క కట్టాలి. ఆమెకు ఇచ్చిన జాబితాలో పేర్లు తీసేశారు. క్లాక్ నంబరు, శాఖ, చేరిన సంవత్సరం మాత్రం ఉంచారు. అందులో ఒక వరుస, స్టోర్స్, 1991. ఆ వరుస ఎవరిదో ఆమెకు తెలుసు. ఆమె పెదనాన్న. చిన్నప్పుడు ఆయన భోజనం డబ్బా తీసికొని ఆ గేటు దాకా పోయిన పిల్ల ఆమె. మేనేజరుకు చెప్పింది. "పేర్లు లేవు కదా, చిక్కేమున్నది?" అన్నాడాయన. ఆమె ఆ రాత్రి నాలుగు వాక్యాల ఉత్తరం వ్రాసి పంపింది. నా బంధువు ఈ జాబితాలో ఉన్నాడు, ఈ లెక్క నేను కట్టడం సరికాదు, వేరే పని ఇవ్వండి, ఇది పైవారికి తెలియజేయండి. వేరే పని ఇచ్చారు. ఎవరూ కోప్పడలేదు. ఆరు నెలల తరువాత ఆమెను తూచినప్పుడు వ్యాపార దృష్టి తక్కువ అని వ్రాశారు. ఏడాది చివర ఇంకొక చోట చూసికొమ్మన్నారు.

ఆ ఇంట్లో ఏమి జరిగిందో కూడా చెప్పాలి. వాళ్ళ నాన్న కూతురి జీతం చూసికొని ఇంటికి రెండు గదులు పెంచి, బాండు మీద అప్పు తీసికొన్నాడు. రెండు నెలల పాటు ఇరుగుపొరుగుకు ఉద్యోగం పోయినట్లు చెప్పలేదు. పొద్దున్నే కారు తీసికొని ఎక్కడికైనా పోయి సాయంకాలం రమ్మన్నాడట కూతురిని. ఆమె గేట్‌వే మాల్‌లో కూర్చొని దరఖాస్తులు పెట్టింది. పెదనాన్నకు ఈ సంగతి చాలాకాలం తరువాత తెలిసింది. ఖాతాదారు రహస్యం గనుక ఆమె చెప్పలేదు, చెప్పకపోవడం సరియైనదే. అప్పటికి ఆయన మరి కొందరితో పాటు డబ్బు పుచ్చుకొని ఉద్యోగం నుండి దిగిపోయాడు. ఆయన విని, "వేరేవాళ్ళు లెక్క కట్టనే కట్టారు గదమ్మా. అయినా మంచిదే" అన్నాడు. ఆ నాలుగు వాక్యాల ఉత్తరం వల్ల ఫ్యాక్టరీలో ఒక్క మనిషి కూడా మిగలలేదు. ఆమె ఇప్పుడు చిన్న కంపెనీలో తక్కువ జీతానికి పని చేస్తున్నది. బాండు తీరుతున్నది.

ఇది ఇంటి కథ. దేశం కథ ఇంకా పెద్దది, మీలో చాలామంది టెలివిజనులో చూశారు.

మన పన్నుల శాఖ, సార్స్ అంటామే, దానిని తిరిగి తీర్చిదిద్దే పనిని 2015లో బెయిన్ కంపెనీకి ఇచ్చారు. చిన్న పరిశీలనగా మొదలైన పని 164 మిలియన్ ర్యాండ్ల దాకా పెరిగింది. పెద్ద కంపెనీల పన్నులు చూసే శాఖను చీల్చారు. అనుభవం ఉన్న అధికారులు ఎందరో వెళ్ళిపోయారు. 2018లో న్యాయమూర్తి నుజెంట్ విచారణ సంఘం ఈ సంగతిని బయటపెట్టింది. ఆ కంపెనీ వడ్డీతో కలిపి 217 మిలియన్ ర్యాండ్లు తిరిగి కట్టింది. సార్స్ కమిషనరు పదవిలోకి రాకముందే ఆయనతో ఆ కంపెనీ పెద్దలు పథకాలు వేశారని జోండో విచారణ సంఘం 2022లో ఇచ్చిన నివేదికలో ఉన్నది. అదే ఏడాది మన ఖజానా శాఖ ఆ కంపెనీని పదేళ్ళ పాటు ప్రభుత్వ పనులకు దూరం పెట్టింది.

మెకిన్సీ సంగతి కరెంటు శాఖ ఎస్కామ్ దగ్గర. పొదుపు చేసి చూపితే అందులో భాగం అనే పద్ధతి మీద ఒప్పందం కుదిరింది. కంపెనీకి సుమారు ఒక బిలియన్ ర్యాండ్లు ముట్టాయి. అంటే మన అవ్వల లెక్కలో వంద కోట్లు. 2018లో ఆ సొమ్ము తిరిగి ఇచ్చింది. 2024 డిసెంబరులో ఈ దేశంలో జరిగిన లంచాల వ్యవహారంలో ఆ కంపెనీ ఆఫ్రికా శాఖ అమెరికా, దక్షిణాఫ్రికా ప్రభుత్వాలతో రాజీకి వచ్చి 122 మిలియన్ డాలర్లకు పైగా కట్టడానికి ఒప్పుకొన్నది. దానితో జతగా ఎస్కామ్ సొమ్ము తిన్న ఇంకొక కంపెనీ పేరు ట్రిల్లియన్. సంఖ్య కాదు, పేరే అది.

ఈ కంపెనీల లోపల కూడా ఉద్యోగులున్నారు. వారి అనుభవం మనకు ముఖ్యం. ట్రిల్లియన్‌లో ఆర్థిక సలహా శాఖకు అధిపతిగా ఉన్న మోసిలో మొతేపు 2016లో కొద్ది నెలలకే రాజీనామా చేసి, తనకు తెలిసినది పబ్లిక్ ప్రొటెక్టరుకు చెప్పింది. కంపెనీ ఆమె మీదనే కాగితాలు దొంగిలించిందని ఫిర్యాదు పెట్టింది. తరువాత ఉద్యోగం దొరకడం ఆమెకు ఎంతో కష్టమైంది. బెయిన్‌లో పూర్వం పని చేసి, సార్స్ వ్యవహారం తరువాత కంపెనీని సరిదిద్దడానికని తిరిగి పోయిన అథోల్ విలియమ్స్ లోపలి తీరు నచ్చక 2019లో బయటికి వచ్చాడు. 2021లో జోండో సంఘం ముందు సాక్ష్యం చెప్పాడు. ఆ ఏడాది నవంబరులోనే ప్రాణభయంతో దేశం విడిచి పోయాడు. అది వట్టి భయం అనడానికి లేదు. అదే ఏడాది ఆగస్టు 23న బబితా దేవ్‌కరణ్‌ను జోహన్నెస్‌బర్గ్‌లో ఆమె ఇంటి ముందే కాల్చి చంపారు. ఆమె కన్సల్టింగ్ ఉద్యోగి కాదు, గౌటెంగ్ ఆరోగ్యశాఖ లెక్కలలో అధికారి. లెక్క సరిగా లేదని చెప్పినందుకు ప్రాణం పోయింది. లెక్కలు చెప్పిన మాకు ఆ వార్త చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

ఇటువంటి పెద్ద వ్యవహారాలలో చిన్న ఉద్యోగి చేతికి మొత్తం కథ అందదు. ఒక పేజీ అందుతుంది. ఒక పట్టిక అందుతుంది. "ఈ అంకె ఇక్కడ పెట్టు" అంటారు. ఆ అంకె ఎక్కడి నుండి వచ్చిందని అడిగితే "ఖాతాదారు ఇచ్చాడు" అంటారు. ఆ పాతికేళ్ళ బిడ్డకు తెలియవలసినది ఒకటే, ఆ ప్రశ్న అడిగే హక్కు తనకు ఉన్నదని. 2000 సంవత్సరపు చట్టం ఒకటి ఉన్నది, తప్పు జరుగుతున్నదని నిజాయితీగా చెప్పిన ఉద్యోగిని శిక్షించరాదని చెప్పే చట్టం. వకీలుతో సలహా కోసం మాట్లాడినా ఆ రక్షణ వర్తిస్తుంది. అన్యాయంగా ఉద్యోగం తీసేస్తే ముప్పది రోజులలో సి.సి.ఎమ్.ఏ. అనే సంస్థకు పోవాలి. ముప్పది రోజులు. గేట్‌వే మాల్‌లో రెండు నెలలు కూర్చొంటే ఆ గడువు దాటిపోతుంది. చట్టం ఉన్నంత మాత్రాన అంతా సుఖమని మేము చెప్పము. ఇప్పుడు చెప్పిన ఇద్దరి కథలే సాక్ష్యం.

ఇట్లాంటి మాటలు వచ్చినప్పుడు మన సభలలో ఎవరో ఒకరు లేచి, "ఇది కూడా కూలీ ఒప్పందమే, కొత్త గిర్మిట్" అంటారు. చప్పట్లు పడతాయి. మేము ఒప్పుకోము. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బన్‌కు చేరినది మొదలు 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా వచ్చారు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల కూలీ, ఏడాదికొక షిల్లింగు పెంపు, అయిదేళ్ళ కట్టుబాటు. దొర కాగితం లేకుండా తోట దాటితే జైలు. మా తాతగారికి పేరు కంటె ముందు నంబరు ఉండేది. అటువంటి బ్రతుకును హోటలు గదిలో చల్లన్నం తినే బ్రతుకుతో సమానం చేయడం మన పెద్దలకు మర్యాద కాదు.

ఒక్క చోట మాత్రం పోలిక ఉన్నది, అది మన మీదికే వస్తుంది. 1895 నాటి చట్టం ఒప్పందం ముగిసినవారి మీద ఏటా మూడు పౌండ్ల పన్ను వేసింది. కట్టలేనివాడు మళ్ళీ ఒప్పందం మీద వేలిముద్ర వేయాలి, లేదా ఓడ ఎక్కి వెనక్కి పోవాలి. కాలు కట్టేసినది సంకెల కాదు, అప్పు. 1913 సమ్మె తరువాత 1914లో గాని అది పోలేదు. ఇప్పుడు మన పిల్లల మీద ఆ మూడు పౌండ్లు వేస్తున్నదెవరు? కంపెనీ బర్సరీ ఇచ్చి, చదివినన్ని ఏళ్ళు పని చేయాలంటుంది, అది ఒక ముడి. దాని మీద మనం వేసే ముళ్ళు ఎన్నో. ఉద్యోగం వచ్చిన మూడవ నెలలో కారు. ఆరవ నెలలో ఇంటికి కొత్త గదులు. చెల్లెలి పెళ్ళికి హాలు. బంధువులలో పరువు. ఆ బిడ్డ "అమ్మా, ఈ పని మంచిది కాదు, వదిలేస్తాను" అనవలసిన రోజున ఆ మాట గొంతులో ఆగిపోతే, ఆపినది స్యాండ్టన్ పార్ట్‌నర్ ఒక్కడే కాదు. తాతగారు తోట వదలాలంటే దొర సెలవు కావాలి. మన పిల్లలు వదలాలంటే మన సెలవు కావలసి వస్తున్నది.

కాబట్టి తల్లిదండ్రులారా, మొదటి రెండేళ్ళు ఆ జీతం మీద అప్పు ఎత్తవద్దు. బిడ్డ పేరున ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉన్న తరువాత కారు మాట ఎత్తండి. శుక్రవారం రాత్రి ఇంటికి వస్తే జీతం పెరిగిందా అని అడగకండి. ఈ వారం ఎవరి పని చేశావు, వాళ్ళకు ఏమి చెప్పావు, అది నిజమేనా అని అడగండి. ఖాతాదారు రహస్యం చెప్పనక్కర లేదు, పేర్లు లేకుండానే చెప్పవచ్చు. మొదట విసుక్కొంటారు. మా మేనకోడలు మూడు వారాలు విసుక్కొన్నది. నాలుగవ వారం తానే ఫోను చేసి గంటసేపు చెప్పింది, అందులో సగం మాకు అర్థం కాలేదు, అయినా విన్నాము.

పిల్లలకు ఒక మాట. చేరే ముందు ఒప్పందం కాగితం పూర్తిగా చదవండి. బర్సరీ తిరిగి కట్టవలసి వస్తే ఎంత కట్టాలో, ఎన్ని నెలలలో కట్టాలో, ఉద్యోగం వారే తీసేస్తే కూడా కట్టాలా అన్న మూడు సంగతులు పెన్సిలుతో గీత పెట్టుకోండి. మీకు ఏదైనా పని తప్పనిపించిన రోజున ఏమి జరిగిందో తారీఖు వేసి ఒక నోటుబుక్కులో మీ మాటలలో వ్రాసికొని ఇంట్లో పెట్టుకోండి. కంపెనీ కాగితాలు మాత్రం ఇంటికి తేవద్దు, దానికి ముందు వకీలును అడగండి.

మన సంఘంలో ఇద్దరు రిటైర్డు వకీళ్ళు, యూనియనులో పని చేసిన పెద్దమనిషి ఒకరు, లెక్కలకు మేము ఉన్నాము. కార్యదర్శిగారు ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం నాలుగు గంటలకు తెలుగు తరగతి గదిని ఇస్తామన్నారు. ఒప్పందం కాగితం గాని, తీసివేత ఉత్తరం గాని తీసికొని రండి. రుసుము లేదు, పేరు పుస్తకంలో వ్రాయము. తల్లిదండ్రులు కూడా రావచ్చు, కాని మొదటి అరగంట బయట కూర్చోవాలి. టీ ఉంటుంది.